దాటిందని రాసిన గద్ద

అక్టోబరు మొదటి సోమవారం, పొద్దున ఆరున్నరకు తొప్పూరు పైగుట్ట ఎక్కాను. దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు. ధర్మపురి బస్సులోంచి పచ్చగా కనిపించిన గుట్టంతా ముళ్లూ రాళ్లే. సామాను: బైనాక్యులర్, వాకీటాకీ, రెండు లీటర్ల నీళ్లు, లెక్క కాగితాలు. సైన్యం నుంచి రిటైరైన నాకు ఫారెస్టువాళ్లిచ్చిన ఆరు వారాల డ్యూటీ. ఉత్తరం నుంచి వలస వచ్చే గద్దల్ని లెక్కపెట్టాలి. ఆర్డరు ఒకటే: గుట్ట అంచు దాటి దక్షిణానికి పోయిన గద్దకు ఒక గీత.

తోడు ఫారెస్టు వాచరు మునియమ్మ. తొప్పూరామె, బయట అరవం మాట్లాడినా ఇంట్లో మాలాగే తెలుగు. గద్ద నాకు బైనాక్యులర్‌లో దొరికేలోపు ఆమెకు ఉత్త కంటికే కనిపించేది.

"అన్నా, పిల్లిగద్ద వస్తా ఉండాది. అద్దాలు తుడుచుకోండి" అని ఎగతాళి చేసేది.

నాలుగో వారం. పది గంటల పది నిమిషాలు. ఈశాన్యపు గాలి. ఒక పిల్లిగద్ద, తోక మొదట్లో తెల్లపట్టీ కనిపించేంత కిందుగా, మా తలల మీదుగా దాటింది. గీత పెట్టాను. అవతల దిగుతూ, కరెంటు తీగకు చుట్టుకున్న గాలిపటం దారంలో పడింది. ఒక రెక్క చిక్కుకుని వేలాడింది.

"బేస్, గద్ద తీగకు చిక్కింది. ప్రాణముంది. లైను ఆపించండి."

కింద ఆఫీసు నుంచి గుమాస్తా వాకీటాకీలో పలికాడు. "ఫోన్ చేసినాను సార్. ఆస్పత్రికి పోయే లైనంట. వేరే లైనుకు మార్చినాకే ఆపుతారంట. మీరు దగ్గరికి పోవద్దండి."

పదకొండు. పన్నెండు. గాలి వీచినప్పుడల్లా దాని రెండో రెక్క విచ్చుకునేది. ఆ రోజే ఎన్నడూ రానన్ని గద్దలొచ్చాయి. గీతలు పెడుతూనే ఉన్నాను.

"వెదురు కట్టెతో దారం తెంపుతా" అని లేచాను.

"వదినకు నేనేం చెప్పేది? కూచోండన్నా" అంది మునియమ్మ.

కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు తుపాకీ మోసినవాణ్ణి, పెన్సిలు పట్టుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మూడూ ఇరవైకి లైను ఆగింది. లైన్‌మన్ ఎక్కాడు. రెక్క కదలడం ఆగి అప్పటికే గంటైంది.

సాయంత్రం ఆ గీత కొట్టెయ్యనా అని అడిగాను.

"అంచు దాటింది కదా సార్? దాటినట్టే లెక్క" అన్నాడు గుమాస్తా. తప్పు అతనిది కాదు. నాకిచ్చిన ఆర్డరూ అదే.

ఆరు వారాలయ్యాక మా ఊరు చెట్టికరైలో ఇంటికి వచ్చాను. ఇప్పటికీ మిద్దె మీద తీగకు ఆరేసిన చొక్కా చెయ్యి గాలికి లేస్తే చాలు, ఉరికిపోయి తీగ నుంచి విడిపిస్తాను.

"ఇంకా ఆరనే లేదు కదా" అంటుంది నా భార్య.