సంతలాంటిదేనని చెప్పింది నేనే

షేర్ మార్కెట్ మీద తీసిన సినిమా అంటే చూశాను. చూసినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. రెండున్నర గంటలు. హీరో గాజు మేడలో ఆరు తెరల ముందు కూర్చుంటాడు. డబ్బంతా పోతుంది, వాన మొదలవుతుంది, వానలో పాట. చివరి పావుగంటలో ఒక్క మీట నొక్కి పోయినదంతా రాబట్టుకుంటాడు. పోగొట్టుకున్న మర్నాడు మనిషి లేచి ఏ మొహంతో పనికి పోతాడో ఒక్క సీనులో కూడా లేదు. ఈ సినిమా తీసినవాళ్ళకి డబ్బు పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలియదు. ఇంకొకడి చేత పోగొట్టించడం అంటే అసలే తెలియదు. అది నాకు తెలుసు.

నేను మైదానం నుంచి వచ్చినవాణ్ణి. మన్యంలో, డుంబ్రిగుడ దగ్గర బడిలో పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. మా ఇంట్లో టీవీలో ఆ సినిమా చూస్తున్నప్పుడు నా పక్కన ఒక కాఫీ రైతు ఉన్నాడు. బడికి పైన, కొండమీది ఊరు అతనిది. సంతకి దిగినప్పుడల్లా మా ఇంట్లో ఫోను ఛార్జింగుకు పెట్టుకుని, టీ తాగి పోతాడు. నావల్ల అంత జరిగాక కూడా రావడం మానలేదు.

సినిమాలో ఒకచోట హీరో వాళ్ళమ్మకి మార్కెట్ అంటే ఏమిటో చెబుతాడు. కూరల సంతలాంటిదే, తక్కువలో కొని ఎక్కువలో అమ్మడమే అంటాడు. వెనకాల వయొలిన్లు. అమ్మ కళ్ళు తుడుచుకుని చేతి గాజులు తీసి ఇచ్చేస్తుంది.

నా పక్కనున్నవాడు నవ్వాడు.

"నువ్వూ ఇదే కదా సెప్పావు మాస్టారూ."

కొండమీద చిన్నా పెద్దా అందరినీ నువ్వు అనే అంటారు. ఎత్తిపొడుపూ కాదు. గుర్తొచ్చింది, అన్నాడు, అంతే. నేను టీవీ కట్టేశాను. ఇదీ ఒక సినిమాయేనా, తీసినవాణ్ణి సంతలో కట్టేసి తన్నాలి అని ఏదేదో అరిచాను. అతను అయిపోనిమ్మన్నాడు, వాడి డబ్బులు వాడికి వచ్చాయో లేదో చూడాలన్నాడు. మళ్ళీ పెట్టాను. వచ్చాయి.

అసలు జరిగింది రాస్తాను. రెండేళ్ళుగా నేను చెప్పుకు తిరుగుతున్నది అది కాదు.

అతని ఫోనులో ట్రేడింగ్ యాప్ పెట్టింది నేను. నా మాట మీద ఎవరైనా ఖాతా తెరిస్తే ఆ యాప్ వాళ్ళు నాకు కొంత ఇచ్చేవాళ్ళు. ఆ సంగతి అతనికి చెప్పలేదు. మిరియాలు అమ్మిన డబ్బు చేతిలో ఉందని తెలుసుకుని, వారం గడువున్న ఆప్షన్ కొనిపించాను, వారంలోగా ధర పెరుగుతుందని కాసే పందెంలాంటిది. ఇది ఏటి అని అడిగితే సంతలాంటిదే అన్నాను. మా సంత వారానికోసారి, దీని గడువూ వారానికోసారి. పోలిక బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. పాఠాలు చెప్పేవాడికి మంచి పోలిక దొరికితే అదొక మత్తు.

గడువురోజు మధ్యాహ్నం అతను బడికి వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ రాదు. కొన్నదాని ధర పావువంతుకి పడిపోయి ఉంది. అమ్మెయ్ అన్నాను. అప్పుడతను నింపాదిగా అడిగాడు.

"సంతలో బేరం బాగోపోతే అల్లం మూట కట్టీసి ఇంటికి తెచ్చుకుంటాం. మళ్ళీ వారం అమ్ముతాం. దీన్నీ అలాగే ఉంచీమంటావా?"

షావుకారు చెప్పిన ధరకి సరుకు వదిలేయకుండా, మూట నెత్తిన పెట్టుకుని మళ్ళీ కొండెక్కడం ఆ ఊరివాళ్ళు ఎన్నో దెబ్బలు తిని నేర్చుకున్న తెలివి. ఆ తెలివితోనే అడిగాడు. ఇది ఇంటికి తెచ్చుకునే సరుకు కాదు, సాయంత్రానికి మట్టి అయిపోతుంది అని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేను చెప్పలేదు. నా ఫోనులో నా డబ్బు కరిగిపోతోంది, దాన్ని చూసుకుంటున్నాను. తల ఎత్తకుండా "ఆఁ, నీ ఇష్టం" అన్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు. తన సరుకు కనపడ్డం లేదని, ఎక్కడ పెట్టారో చూడమని అడిగాడు.

తర్వాత అతని భార్య అడిగినా, ఊరివాళ్ళు అడిగినా నాది ఒకటే జవాబు. అమ్మమన్నాను, వినలేదు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే అంత బాగా పనిచేసింది.

అతను ఆ ఊళ్ళో కాటా పట్టే మనిషి. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఎవరి బస్తా అయినా అతనే తూచాలి. షావుకార్ల తూకాలతో మోసపోయిన ఊరు కదా, అతను ముందు ఖాళీ బస్తా తగిలించి, ముల్లు ఎక్కడుందో అందరికీ చూపించి, అప్పుడు మొదలుపెట్టేవాడు. మాస్టారు వద్దన్నా వినకుండా జూదమాడినవాడి చేతిలో కాటా ఏమిటని ఆ ఏడు ఊరు దాన్ని తీసేసుకుంది. నన్ను అడిగే ఉంచానని అతను ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు తన బస్తా తనే మోసుకొచ్చి అందరితోపాటు వరసలో నిలబడతాడు.

సినిమాలో మోసగాడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చుట్ట కాలుస్తూ, పడవంత కారులోంచి దిగాడు. మా దగ్గర మోసగాడి జేబులో సుద్దముక్క ఉంది. పిల్లలు లేచి నిలబడి వాడికి నమస్కారం పెడతారు. అలాంటి సినిమా తియ్యడానికి ఎవడికీ దమ్ము లేదు.

సినిమా చూసిన వారానికి, పళ్ళు తూచే రోజున కొండెక్కాను. బస్తాల మధ్య నిలబడి, పైన రాసినదంతా చెప్పాను. యాప్ వాళ్ళిచ్చిన డబ్బు సంగతి కూడా. అతని భార్య పళ్ళలోంచి ఆకులు ఏరుతోంది. ఏరడం ఆపకుండానే అంది.

"రెండేళ్ళు ఈ మనిషితో సరిగ్గా మాటాడ్నేదు నేను. అదెవులు తెచ్చిత్తారు?"

కాటా పట్టుకున్న ముసలాయన తూకం ఆపేశాడు. కాటా విప్పి బస్తా మీద పెట్టి, తీసుకోమన్నట్టు అతని వైపు చూశాడు. అందరూ చూశారు. అతను వరసలో తన చోటునుంచి కదల్లేదు. ఎండెక్కుతోంది, బేగి కానిమ్మని ముసలాయనకే చెప్పాడు. ముసలాయన కాటా మళ్ళీ తగిలించాడు.

నన్ను సాగనంపడానికి మాత్రం దారి మలుపుదాకా వచ్చాడు. అక్కడ ఆగి అడిగాడు.

"సినిమా బాగోలేదని కోపమొచ్చి సెప్పావు. బాగుంటే సెప్పీవోడివి కాదా మాస్టారూ?"

సినిమాని ఎన్ని తిట్లు తిట్టానో అన్నీ అక్కడ నిలబడి నేనే తిన్నాను. అబద్ధమాడాలనిపించింది. ఎన్నాళ్ళనుంచో చెప్పాలనుకుంటున్నాననే మాట నాలుకదాకా వచ్చింది.

"చెప్పేవాణ్ణి కాదు" అన్నాను.

అతను తల ఊపి వెనక్కి తిరిగాడు. పైన వరస ముందుకు జరుగుతోంది, అతని బస్తా ఇంకా తూచలేదు.