పాకంలో కాగిన పిస్టన్

లడఖ్‌లో మా వర్క్‌షాపుకి నేను చేరేసరికి సెప్టెంబరు ఆఖరు. కార్గిల్ యుద్ధం అయి కొన్నేళ్ళే అయింది. బండి దిగి నాలుగడుగులు వేశానో లేదో ఆయాసం ముంచుకొచ్చి సామాను మీదే కూలబడ్డాను. చుట్టూ రాళ్ళు, గాలి. చెట్టన్నది లేదు. అనకాపల్లిలో ఇప్పటికీ ఎంతమంది శత్రువుల్ని కాల్చావని అడుగుతారు నన్ను. నేను సైన్యంలో లారీలు బాగుచేసే మెకానిక్‌ని. అక్కడున్నన్నాళ్ళూ నా చేతిలో ఉన్నది స్పానరే.

కూలబడ్డ నన్ను చూసి ఒకాయన మగ్గుతో టీ పట్టుకొచ్చాడు. ఏ ఊరని హిందీలో అడిగాడు. అనకాపల్లి అనగానే భాష మారిపోయింది. ఆయనే మా హవల్దారు, మా పక్కనే నాతవరం మనిషి. ఆ పూట నుంచి నేను అల్లుణ్ణి, ఆయన మామ. చెరకు పండించి బెల్లం వండే ఇల్లు వాళ్ళది. చిన్నప్పుడు పాకం పడి కాలిన మచ్చ కుడి ముంజేతి మీద అరచేతంత ఉండేది. ఇంటి నుంచి తెచ్చుకున్న బెల్లం దిమ్మ ఒకటి గోనెగుడ్డలో చుట్టి దాచాడు. క్రిస్మస్‌కి అందరికీ అరిసెలు వండి పెడతానని మాట. బ్యారక్‌లో వదిలితే పండగదాకా మిగలదని, ఎక్కడికెళ్ళినా దాన్ని బండిలో వేసుకుని తిరిగేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం.

అక్టోబరు చివర్లో, పై పోస్టుకి చలికాలపు కిరోసిన్ తీసుకెళ్తున్న ఆఖరి లారీ కనుమ కింద ఆగిపోయింది. మిగతా బండ్లు అప్పటికే దాటిపోయాయి. మంచు పడితే ఆ దారి మళ్ళీ వేసవికే తెరుచుకునేది. పైనున్నవాళ్ళకి వంటకైనా, వెచ్చదనానికైనా, మంచు కరిగించుకుని తాగడానికైనా కిరోసినే దిక్కు.

పొద్దున్న ఆరింటికి మామా నేనూ అక్కడికి చేరాం. ఇంజను పైమూత, హెడ్, విప్పి చూస్తే మూడో పిస్టన్ తలకి చిల్లు. ఇంజెక్టరు డీజిలుని తుంపర్లుగా చిమ్మాలి. ఇది కారుతోంది. టర్బో ఇంజను, నిండు లోడు, ఎత్తు. మంటంతా ఒకేచోట పడి అల్యూమినియం కరిగిపోయింది. హర్యానా డ్రైవరు తన తప్పేనేమోనని బిక్కమొహం వేశాడు. మామ వాడి భుజం తట్టి, ఇంజెక్టరు చూపించి, టీ పెట్టమన్నాడు.

చేతి గ్లవ్సు తీస్తే స్పానరు వేళ్ళకి అతుక్కుంటోంది. ఇంజను అడుగున ఆయిలుండే సంపు విప్పి లోహపు తునకలన్నీ కడిగాం. పిస్టన్ ఆడే గొట్టం, లైనరు, కొత్తది దించాం. కొత్త పిస్టన్ దగ్గర పని ఆగింది. పిస్టన్‌నీ కనెక్టింగ్ రాడ్‌నీ కలిపే పిన్ను చలికి దూరలేదు. పిస్టన్ వేడెక్కితే పిన్ను దూరే రంధ్రం కాస్త సాగుతుంది. సుత్తితో కొట్టినా, నేరుగా మంట మీద పెట్టినా పిస్టన్ పాడవుతుంది, మా దగ్గరున్నది ఒక్కటే. కింద ఊళ్ళల్లో అయితే మరిగే నీళ్ళలో వేస్తాం. అక్కడా అదే చేశాం. నీళ్ళు కళపెళా మరుగుతున్నాయి, పిన్ను మాత్రం సగానికే ఆగింది. అంత ఎత్తులో నీళ్ళు తొందరగా మరుగుతాయి గాని సరిపడా వేడెక్కవు. ఆయిలు కాచుదామన్నాను. కిరోసిన్ లోడున్న చోట ఆయిలు పొయ్యి ఎక్కించకూడదని ఆర్డరు. అంతకుముందు ఏడాది ఒక టెంటు అలాగే తగలబడిందట.

ఆకాశం మసకబారుతోంది. మామ ముంజేతి మచ్చ రుద్దుకుంటూ గిన్నెకేసి చూశాడు.

"నీళ్లు పడితే బొబ్బెక్కుతాది అల్లుడూ. పాకం పడితే సర్మమే ఊడొచ్చేత్తాది. దేనికి వేడెక్కువో నువ్వే సెప్పు."

లేచి బండిలోంచి బెల్లం దిమ్మ తెచ్చాడు. నాకు మనసొప్పలేదు. క్రిస్మస్‌కి దాచుకున్నావు కదా మామా అన్నాను.

"పైనోళ్లకి పొయ్యెలక్కపోతే మనకి పండగేటి?" అన్నాడు.

దిమ్మ పగలగొట్టి పాకం పట్టాడు. రేషను డబ్బా ఒకటి శుభ్రంగా తుడిచి, పాకం అంటకుండా పిస్టన్ అందులో పెట్టి, మూత వేసి, డబ్బాని ఆ పాకంలో దించాడు. డ్రైవరు ఇదేం పూజ అని నన్ను మెల్లిగా అడిగాడు. మామ ఇంట్లో అరిసెల పాకం చూసినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూశాడు. ఇంకొంచెం కాగనిచ్చాడు. తర్వాత గ్లవ్సు తొడిగి పిస్టన్ తీశాడు. బొటనవేలితో నెట్టాడు. పిన్ను వెన్నలో వేలు దిగినట్టు దిగిపోయింది. అలాంటి మనిషి కింద పని నేర్చుకోవడం నా అదృష్టం.

సాయంత్రం నాలుగింటికి ఇంజను స్టార్టయింది. మొదట తెల్లపొగ, తర్వాత పొగే లేదు. లారీ బయల్దేరింది. చీకటి పడ్డాక వైర్‌లెస్‌లో పోస్టు నుంచి మాట వచ్చింది: "బండి చేరింది. పొయ్యి వెలిగింది. ఓవర్." మర్నాడు మంచు పడి కనుమ మూసుకుంది.

ఆ ఏడు అరిసెల్లేవు. గిన్నెలో గడ్డకట్టిన పాకాన్నే క్రిస్మస్ నాడు సుత్తితో పగలగొట్టి తలో ముక్క పంచాడు. కాస్త మాడు వాసన. ఎవరూ వదల్లేదు.

నేను రిటైరై ఇంటికొచ్చి చాన్నాళ్ళయింది. మన బెల్లం మార్కెట్ పక్కనుంచి వెళ్తే చాలు, ఆ సాయంత్రం కళ్ళముందుకొస్తుంది. లారీ మలుపులెక్కుతోంది. అంత గాలిలోనూ మామ చెవుల మీది టోపీ తీసేసి ఇంజను చప్పుడు వింటున్నాడు. వేలికంటిన పాకం నాకుతున్నాడు. చప్పుడు కొండ వెనక్కి వెళ్ళి నాకు వినపడ్డం మానేసింది. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు.