దొరకు తోడు తెచ్చాను

ఈ మాట గొంతులో పెట్టుకుని చాలా ఏళ్ళు తిరిగాను. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది మదనపల్లె. పక్షవాతం వచ్చి మా మామకు కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా మారింది. ఆయన పెంచుకున్న చేప ఒకటి వరండాలో గాజుతొట్టిలో ఉండేది. సిక్లిడ్ జాతిది, ఆస్కార్ అంటారు. నల్లటి ఒంటిమీద నిప్పురంగు చారలు. ఒంటరిది. దాన్ని ఆయన దొర అనేవాడు. జబ్బు చేశాక ఆయన నోట తిన్నగా వచ్చే మాట అదొక్కటే. ఎడమచేత్తో మేత గింజ పట్టుకుంటే అది పైకి వచ్చి వేళ్ళ మధ్యనుంచి అందుకునేది. ఆ గింజ ఆయన చేతిలో పెట్టాల్సింది నేను. పొయ్యిమీద కూర మాడుతున్నా సరే, పిలిచినప్పుడల్లా.

తోడు చేపలు తేవాలన్న ఆలోచన నాదే. ఒంటరి దొరను చూస్తే జాలేస్తోందని అందరితో చెప్పాను. నిజం అది కాదు. తొట్టి నిండుగా ఉంటే మామ చూస్తూ కూర్చుంటాడని, నన్ను పిలవడం తగ్గుతుందని ఆశ.

కుప్పంలో పెళ్ళికి వెళ్ళి వస్తూ, రూపాయి బిళ్ళల్లా మెరిసే గుండ్రటి చేపలు రెండు కొన్నాను. అంగడాయన కవరు ముడేస్తూ చెప్పాడు.

"నేరుగా తొట్లో ఇడవద్దుమా. కొన్నాళ్ళు యాడైనా బక్కెట్లో వేరేగా పెట్టి సూడు. రోగమేమన్నా ఉంటే ఆడనే తెలిసిపోతాది. లేకుంటే నీ పాత చేపకి అంటుకుంటాది."

"అట్లే అన్నా," అన్నాను.

ఇంటికొచ్చాక బక్కెట్టు చూస్తే విసుగొచ్చింది. మళ్ళీ ఇంకో చాకిరీ. ఆ సాయంత్రమే రెండింటినీ తొట్టిలో వదిలేశాను. దొర వాటిని తరిమి తరిమి ఫిల్టరు వెనక్కి నెట్టింది. మామ కంగారుగా గాజును తట్టాడు. అలవాటైపోతుందిలే అన్నాను.

కొన్నాళ్ళకు కొత్త చేపల ఒంటిమీద ఉప్పురవ్వలాంటి తెల్లచుక్కలు. తర్వాత దొర రెక్కమీద ఒకటి. ప్రతి పొద్దునా ఎవరూ లేవకముందే తొట్టి దగ్గరికి వెళ్ళి చూసేదాన్ని. చుక్కలు పెరిగాయా? మామ చూశాడా? మందు ఉంటుందని తెలుసు. అడిగితే, వేరేగా పెట్టలేదా అని అంటారు. అందుకే అడగలేదు. దొర మేత మానేసింది. ఆకలి లేదేమోనని చెప్పాను.

ఆ ఆదివారం మా ఆడబిడ్డ సరళ పుంగనూరు నుంచి వచ్చింది. మామకు ఒక్కతే కూతురు. చేప నీరసంగా ఉందని, నీళ్ళు పాడయ్యాయనుకుని సగం తోడేసి, పెరట్లో డ్రమ్ములోవి పోసింది. మా కొళాయి నీళ్ళు బ్లీచింగు వాసన కొడతాయి. ఒక రోజైనా నిలవ ఉంచితేగానీ చేపకు పనికిరావు. ఆ డ్రమ్ము ముందురోజే నింపాను. మంచి నీళ్ళే. నాకు తెలుసు.

మర్నాడు పొద్దున దొర పక్కకు ఒరిగి తేలుతోంది.

"యాల సచ్చిపొయ్యింది?" అన్నాడు మా ఆయన. మామ కుర్చీలోనే ఉన్నాడు, నా ముఖమే చూస్తున్నాడు.

"సరళ నీళ్ళు మార్చింది గదా. డ్రమ్ములోవి అప్పుడే పట్టిన నీళ్ళు. నన్ను ఒక్కమాట అడిగింటే చెప్పేదాన్ని."

అంతే. మా ఆయన అప్పుడే పుంగనూరుకు, సరళకు ఫోన్ చేశాడు. "నాకు తెలీదన్నా... నేనే సంపేసినానా?" అన్న ఏడుపు నాకు వినబడింది. నేను వంగి, నేలమీది తడి తుడుస్తూనే ఉన్నాను.

తర్వాత సరళ వచ్చినప్పుడు మామ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కాళ్ళు పట్టుకున్నా చూడలేదు. ఆమె రావడం తగ్గిపోయింది. ఆయన పోయే రోజు ఆమె చెంచాతో నీళ్ళు పట్టబోతే పెదవులు తెరవలేదు. స్పృహ లేదులే అని అందరూ సర్దిచెప్పారు. నేను పట్టిస్తే తాగాడు.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? భయమేనా? ఆయన ఒళ్ళు తుడిచేది నేను, పక్క మార్చేది నేను, సరళ గడపలో అడుగు పెడితే వెలిగే ఆ ముఖం నాకు ఒక్కరోజూ దక్కలేదు. ఆ మాట నోటినుంచి జారినప్పుడు భయంతో పాటు ఒక చిన్న సంతోషం కూడా లోపల కదిలిందా? కదిలింది. చేపను చంపడం కన్నా అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఈమధ్య పుంగనూరు వెళ్ళాను. సరళ కూతురు చేపలు కావాలని అడుగుతోంది. "నా చేతిలో బతకవు పాపా. మీ తాత చేపని సంపింది నేనే," అంది సరళ. అని, నావైపు చూసి, "కదా వదినా?" అంది. నేను కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

ఇప్పుడామెకు చెబితే ఏమవుతుంది? తండ్రిని తిరిగివ్వగలనా? నా బరువు దించుకోవడానికేనా ఈ ఆరాటం? తెలియదు. ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో చూశారుగా.

దొరను చంపింది సరళ కాదు. నేను.

రాశాను. ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది.