కంప్యూటరు చేత ఓటీ చేయించాం

ఇంట్లో కంప్యూటరున్నవాళ్ళు, సైబర్ కేఫ్ బెంచీ మీద వంతు కోసం కూర్చునేవాళ్ళు అని మనుషులు రెండు జాతులుగా ఉన్న రోజులవి. లిలువా రైల్వే క్వార్టర్సులో మాది రెండో జాతి. వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్న మరుసటి ఏడాదే రిటైరవుతాడు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి, అందుకని ఇంటిల్లిపాదికీ ఆశ నా మీదే. బ్యాంకు గుమాస్తా పరీక్షకి దరఖాస్తు ఇంటర్నెట్లోనే పెట్టాలన్నారు. డబ్బున్నవాళ్ళుండే బాలీగంజ్ నుంచి కాలేజీకి వచ్చే నా స్నేహితురాలు తన గదిలో కూర్చుని పది నిమిషాల్లో పెట్టేసిందట. "మరి నువ్వో?" అంది. "అదెంత పని, ఎప్పుడో అయిపోయింది" అన్నాను. (అప్పటికి నేను మౌసు ముట్టి ఎరగను. నోటికేం తక్కువ!) భయంతో రేపు, ఎల్లుండి అని సాగదీసి, ఆఖరి రోజు పొద్దున్న నాన్న దగ్గర నిజం కక్కేశాను.

ఇద్దరం కేఫుకి పరిగెత్తాం. తీరా చూస్తే ఆ రోజు పనిముట్లకి దండలు వేసి మొక్కే విశ్వకర్మ పూజ. ఆకాశం నిండా గాలిపటాలు. కేఫులో నాలుగు కంప్యూటర్లూ బంతిపూల దండలతో, సిందూరం బొట్లతో పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టున్నాయి. పక్క వీధి కేఫుదీ అదే వరస. "ఇవాళ యంత్రాన్ని ముట్టకూడదు కదా కాకూ" అన్నాడు కేఫు యజమాని, నాన్నని బెంగాలీలో బాబాయ్ అని పిలుస్తూ. నాన్న నా తరఫున పోట్లాడతాడనుకుంటే, "నిజిమేనమ్మా! ముప్పై ఏళ్ళ సర్వీసులో ఈ పండగనాడు నేను పానా ముట్టుకోనేదు" అని ఆయనతోనే చేతులు కలిపాడు. బాలీగంజ్ వెళ్ళి అడుగుదామంటే నా కోతలే నాకు అడ్డం. అక్కడే బెంచీ మీద కూలబడి భోరుమన్నాను.

నాన్న కాసేపు నన్నూ, కాసేపు దండల్నీ చూశాడు. (యూనియన్ మనిషి కదా, దారి అక్కణ్ణించే దొరికింది.) చెప్పులు విప్పి, మూడో కంప్యూటరుకి దండం పెట్టి, "బాబూ, మా గుంట కోసం ఇయ్యాల ఓటీ సెయ్యి. రేపు నీకు సెలవిప్పించే పూచీ నాది" అన్నాడు. యజమాని నవ్వాపుకోలేక స్విచ్చి నొక్కాడు. మీటలకంటిన సిందూరం వేలికి అంటుకుంటుంటే గంటన్నర పాటు ఒంటివేలితో కొట్టాను. "నెమ్మదమ్మా, దానికి నొప్పెడతాది" అంటూ నాన్న వెనకే నిలబడ్డాడు. దరఖాస్తు అందిందని తెర మీద కనబడగానే ఇద్దరం ఒక్క గంతు వేశాం.

మర్నాడు నాన్న డ్యూటీకి సెలవు పెట్టి, ఆ కంప్యూటరు ముందు కుర్చీ వేసుక్కూర్చుని, సాయంత్రం దాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. యజమాని మా ఇంటికొచ్చి మొరపెట్టుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చి, కేఫుకెళ్ళి, "ఏంటి నాన్నా ఈ పిచ్చి!" అని కసిరాను.

"ఏటే, పని సేయించుకున్నాక మాట తప్పమంటావా?" అన్నాడు.

పరీక్ష నెగ్గాను, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు నా బల్ల మీది కంప్యూటరుకి ఆదివారమన్నది లేదు, నాకూ లేదు. నాన్నే ఉంటే మా ఇద్దరి చేతా సమ్మె కట్టించేవాడు.