ఉత్తరం అడుగున చిన్నక్షరాలు

ఆ పుస్తకం కోసం విల్మా ట్రాస్క్ లైబ్రరీలో పేరు రాయించి ఆరువారాలు తన వంతు కోసం కాచుకుంది. నవలలు రాసే హెస్టర్ డ్రమండ్‌కూ, టొరంటోలో ఆమె పుస్తకాలు వేసిన కర్టిస్ పెల్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలవి. కర్టిస్ ఉత్తరాలను పందొమ్మిదేళ్లు టైపు కొట్టింది విల్మాయే.

"ఇంత లావుది మోయగలరాండీ?" అంది కౌంటర్లో డోరీన్.

"మోసిందాన్నే నేను. ఇటివ్వు."

ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా, ఒక్కో ఉత్తరం అడుగున ఎడమవైపు వెతికింది. చెప్పినవారి పొడి అక్షరాలు పెద్దవిగా, టైపు కొట్టినవారివి చిన్నవిగా అక్కడ వేయడం ఆనాటి ఆఫీసు పద్ధతి. ఒక్కచోటా లేవు! 'ఆఫీసు గుర్తులు తొలగించాం' అని సంపాదకుడు ముందుమాటలో తేల్చేశాడు. వాడి సొమ్మేం పోయింది?

పైగా చివరి పేరాల్లోని ఆత్మీయతకు కర్టిస్‌ను ఆకాశానికెత్తాడు. అవన్నీ విల్మా మాటలు. వేసవి శుక్రవారాల్లో కర్టిస్ సరస్సు దగ్గరి తన కాటేజీకి పరిగెత్తుతూ, "ఆఖర్న ఏదో మంచిమాట పడేసి, సంతకం కూడా నువ్వే గీకెయ్ విల్మా. నాకా ఏడుపులు చేతకావు" అనేవాడు. హెస్టర్ నవలలో ముసలమ్మ పొయ్యి రాజేసే అధ్యాయం చదివి బస్సులో ఏడ్చానని విల్మా ఓసారి అలాగే రాసింది. పెళ్లీ పెటాకులూ లేని బతుకులో ఆమె మనసు విప్పింది హెస్టర్ ఒక్కదాని దగ్గరే, అదీ ఇంకొకరి పేరుతో. హెస్టర్‌కు ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? విల్మాకు కావలసింది అదొక్కటే. హెస్టర్ జవాబులు కర్టిస్ ఒక్కడే విప్పి, బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు.

సగం పుస్తకం దాటాక దొరికింది.

"కర్టిస్, నువ్వు బస్సెక్కే రకానివి కాదు. ఆ చివరి మాటలు అడుగున చిన్నక్షరాల ఆవిడవి కదూ? నేను ముందు చదివేది వాటినే. నాకు నేరుగా రాయమని చెప్పు. ఇక్కడ చలికాలం తరగదు, పలకరించే దిక్కు లేదు."

విల్మా గబుక్కున పేజీ తిప్పింది. 'చేతిరాత' అని సంపాదకుడు గుర్తు వేసిన కర్టిస్ జవాబు: "అడిగాను. ఆవిడకు ఇష్టం లేదట."

దాని కింద హెస్టర్: "అలాగా. ఇక అడగనులే."

"ఎప్పుడడిగావయ్యా?" అంది విల్మా ఖాళీ గదిలో, గట్టిగా. కర్టిస్ పోయి ఇరవయ్యేళ్లు. హెస్టర్ పోయి పదకొండు.

లైబ్రరీ పుస్తకాల్లో గీతలు గీసేవాళ్లను జన్మంతా తిట్టిన మనిషి పెన్సిల్ తీసింది. 'నన్నెవరూ అడగలేదు, హెస్టర్' అని ఆ పేజీ అంచున రాసి, అడుగున ఎడమవైపు తన పొడి అక్షరాలు వేసింది, పెద్దవిగా.