పెద్ద డ్రమ్ముకి చెవులుండవు

మా కాన్వెంటు బ్యాండులో పెద్ద డ్రమ్ము నాది. నేనేమీ కోరుకోలేదు. ఎనిమిదో తరగతి ఆడపిల్లలందరిలోకీ పొడుగూ లావూ నేనే కాబట్టి, బ్యాండు మాస్టారు నన్నొకసారి ఎగాదిగా చూసి, ఇంకేమీ అడక్కుండా డ్రమ్ము తెచ్చి మెడలో తగిలించేశారు. తర్వాతి కాలంలో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళెవరూ నా విషయం అంత తొందరగా తేల్చలేదు. చిన్న డ్రమ్ముల పిల్లలు ముందు వరసల్లో ముచ్చటగా నడిచేవాళ్ళు. వాళ్ళ చేతుల్లో పుల్లలు ఆడుతుంటే చూడ్డానికి జనం రోడ్డు పక్కన సైకిళ్ళు ఆపుకునేవాళ్ళు. నేను డ్రమ్ము కింద నడిచే రెండు కాళ్ళని. ఫొటోల్లో కూడా నా నుదురూ రిబ్బన్లూ మాత్రమే పడేవి.

మాస్టారు పోలీసు బ్యాండులో చేసి రిటైరైన మనిషి. చిన్న డ్రమ్ముల వాళ్ళకి ఆయన ఎన్నో నేర్పారు. నాకు ఒక్కటే నేర్పారు.

"అందరూ నీ దెబ్బ మీదే అడుగేస్తారు. చిన్న డ్రమ్ములు కంగారు పడతాయి, జనం చప్పట్లు కొడతారు, పక్క స్కూలోళ్ళు కావాలని గట్టిగా వాయిస్తారు. నువ్వు వాళ్ళల్లో ఎవర్ని విన్నా మొత్తం బ్యాండు బోర్లా పడిపోద్ది. పెద్ద డ్రమ్ముకి చెవులుండవమ్మాయ్."

నేను బుద్ధిమంతురాలిని. వినకపోవడం నిజంగానే నేర్చుకున్నాను. మైదానం చివర ఏ స్తంభమో చూసి పెట్టుకుని, లోపల్లోపల లెఫ్ట్, రైట్ అనుకుంటూ కొట్టుకుపోయేదాన్ని. డ్రమ్ము అడ్డం కాబట్టి కాళ్ళ ముందు నేల కనిపించేది కాదు. అందుకని తాళాల పిల్లని నా పక్కన నడిపించేవారు. ఇత్తడి సింబల్స్‌ని మేం తాళాలనేవాళ్ళం. ఆ పిల్ల పెదాలు కదపకుండా "గొయ్యి", "పేడ", "రాయి" అని చెబుతుంటే నేను అడుగు తప్పించుకునేదాన్ని. బ్యాండు మొత్తంలో నేను విన్న గొంతు అదొక్కటే.

ఏటా జిల్లా బ్యాండ్ల పోటీ పోలీసు మైదానంలో జరిగేది. టోపీలకు ఈకలు పెట్టుకుని వచ్చే ఒక స్కూలుండేది, కప్పు ఎప్పుడూ వాళ్ళదే. మేం పదో తరగతిలో ఉండగా మాకొచ్చింది. పిల్లలంతా ఏడ్చారు, సిస్టరుగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు, మాస్టారు నా డ్రమ్ముని తట్టి మరీ వెళ్ళారు. అయితే ఆ రోజు మేం ఎలా వాయించామో నాకు తెలియదు. జిల్లా అంతా విన్నది, నేను తప్ప.

ఇదంతా నాకు ఐర్లండులో, కరోనా రెండో ఏడాది మొదట్లో మళ్ళీ గుర్తొచ్చింది. అంతవరకూ నిజానికి గుర్తు లేదు.

డబ్లిన్ శివారు లూకన్‌లో ముగ్గురం తెలుగు అమ్మాయిలం కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అమ్మాయిలం అని అలవాటుకొద్దీ అంటున్నాను, నాకప్పటికే కళ్ళజోడు నంబరు రెండుసార్లు మారింది. విమానాలు ఆగిపోయే ముందు ఒకామె ఇండియా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇంకొకామె పెళ్ళయి వేరే ఊరు మారింది. లీజు నా పేరు మీద ఉంది కాబట్టి ఇల్లు నాకు మిగిలింది. లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసు మూసేశారు. ఒకప్పుడు బస్సెక్కి, ఊళ్ళో దిగి, లూవాస్ ట్రామ్ పట్టుకుని, రోజూ తిట్టుకుంటూ వెళ్ళేదాన్ని. ఇప్పుడు మంచం మీంచి లేచి వంటింటి బల్ల దగ్గరికి వెళితే ఆఫీసు. ఇళ్ళకి ఎవరినీ పిలవకూడదన్నారు, ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్నారు. దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికని అడుగుతారట. నన్నెవరూ ఆపలేదు. ఎక్కడికని చెప్పడానికి నాకూ ఒక చోటు లేదు.

ఒంటరితనం అంటే నేను ఏడుపు అనుకునేదాన్ని. అదేం కాదు, గొంతు పట్టేయడం. పొద్దున్నే టీం మీటింగులో మొదటి మాట మాట్లాడబోతే గొంతు పెగిలేది కాదు. ముందు రోజు సాయంత్రం నుంచీ వాడలేదు కదా. మేనేజరు ఒంట్లో బాగాలేదా అని అడిగేవాడు. ఐయామ్ గ్రాండ్ అనేదాన్ని, ఇక్కడ ఎవరేం అడిగినా చెప్పే జవాబు అదే. తర్వాత్తర్వాత మీటింగుకి ముందు వంటింట్లో నిలబడి, ప్రెస్సు అనే అలమర తలుపు తెరిచి, లోపలున్న కందిపప్పు డబ్బాతో రెండు మాటలు మాట్లాడి గొంతు సవరించుకునేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి, పనిచేసింది.

అలాంటి రోజుల్లో మా బ్యాండు లీడరు నా నంబరు ఎక్కడో సంపాదించి వాట్సాప్ గ్రూపులో చేర్చింది. చిన్న డ్రమ్ములకు లీడరు, అప్పట్లో మా అందరి మీదా పెత్తనం ఆవిడదే. ఇప్పుడు హైదరాబాదులో బట్టల దుకాణం నడుపుతోంది, పెత్తనం ఏమీ తగ్గలేదు. ఆదివారం సాయంత్రాలు, అంటే నాకు మధ్యాహ్నం, అందరూ వీడియోలో కూర్చోవాలని హుకుం జారీ చేసింది. కూర్చున్నాం. నెరిసిన జుట్లూ, వెనకాల పరుగెత్తే పిల్లలూ, కుక్కరు కూతలూ. నా తాళాల పిల్ల కూడా వచ్చింది. రాజమండ్రిలో టీచరు. అత్తగారూ మామగారూ పిల్లలూ నిండిన ఇంట్లో చోటు దొరక్క మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని మాట్లాడేది.

ఇక కబుర్లే కబుర్లు. కాన్వాసు బూట్లకు సుద్దముక్క రుద్దడం, అరచేతుల్లో పొక్కులు, ఎండలో పడిపోయినవాళ్ళకు గ్లూకోజు, ఈకల స్కూలు మీద కసి. అవన్నీ నాకూ ఉన్నాయి, నేనూ నవ్వాను. కానీ వాళ్ళు కాసేపటికి చప్పుళ్ళలోకి దిగేవాళ్ళు. మలుపు తిరిగేటప్పుడు చిన్న డ్రమ్ములన్నీ కలిసి దొర్లించిన ఆ దరువు గుర్తుందా అని ఒకరు నోటితో మొదలుపెడితే, ఇంకొకరు అందుకునేవాళ్ళు. పోటీ రోజున అది ఎలా పలికిందో చెబుతూ చేతులు చూపించి, చూడండే రోమాలు ఎలా లేచాయో అనేవాళ్ళు. నేను నా చెయ్యి చూసుకునేదాన్ని. ఏమీ లేవలేదు. నాకు గుర్తున్నది మైదానం చివరి స్తంభం. ఒక ఆదివారం కాల్ అయ్యాక ఆ సంగతి ఆలోచిస్తే చాలా బాధేసింది. నేను మూడేళ్ళు మోసిన బ్యాండుని ఒక్కసారి కూడా వినలేదు. ఈ ఖాళీ ఇంట్లో కూర్చున్నాక నాకు వినాలనిపించింది. మామూలుగా కాదు, ఆకలేసినట్టు.

అందుకే లీడరు అందరం కలిసి వాయిద్దాం అనగానే ముందు సరేనన్నది నేనే. డబ్బాలూ, బిస్కెట్ టిన్నులూ, కుర్చీలూ తెచ్చుకున్నారు. తాళాల పిల్ల రెండు స్టీలు మూతలు తెచ్చింది. నేను అటక మీంచి పెద్ద సూట్‌కేసు దించి, చెక్క గరిటెకు సాక్సు చుట్టాను. వన్, టూ అనుకుని మొదలుపెడితే అది బ్యాండు కాదు, వడగళ్ళ వాన. ఎవరి దెబ్బ వాళ్ళదే. అందరి చప్పుడూ అందరికీ ఆలస్యంగా చేరుతోంది మరి.

కారణం చెప్పింది నేనే. ఉపాయం చెప్పిందీ నేనే, కంప్యూటరు ఉద్యోగం చేసేదాన్ని కదా. అందరూ మైకులు ఆపుకోండి, నా ఒక్కదాని మైకే ఉంచండి, నా దెబ్బ ఎప్పుడు వినిపిస్తే దాన్ని బట్టి వాయించండి, ఎవరింట్లో వాళ్ళకి సరిగ్గా కలుస్తుంది అన్నాను. ఓహో అన్నారు. పోటీల్లో చేసినట్టే అన్నారు. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను కూడా.

కొట్టాను. తెర మీద అందరి చేతులూ ఆడుతున్నాయి, తలలు ఊగుతున్నాయి, లీడరు కళ్ళు మూసుకుంది. నాకు మాత్రం సూట్‌కేసు చప్పుడు తప్ప ఏమీ లేదు. చేతుల్ని చూస్తే లెక్క తప్పుతోంది, ఆ బొమ్మ కూడా ఆలస్యంగానే వస్తుంది. అందుకని కళ్ళు పక్కకి తిప్పుకుని గోడ మీది స్విచ్చు చూస్తూ కొట్టాను. అయ్యాక అందరూ మైకులు పెట్టుకుని ఒక్కసారిగా మాట్లాడారు. అచ్చం అప్పట్లాగే ఉందన్నారు. ఒకామె ఏడ్చింది. నాకేమీ వినిపించలేదే అన్నాను నెమ్మదిగా. దానికేముంది, నేను రికార్డు చేశాలే, పంపిస్తా అంది లీడరు.

మర్నాడు చెత్త డబ్బా బయట పెడుతుంటే పక్కింటి ముసలావిడ కంచె అవతల నుంచి పలకరించింది. మా రెండిళ్ళకీ ఒకటే గోడ. చప్పుడు చేశానని అంటుందేమోనని సారీ చెప్పబోయాను. ఏం పరవాలేదు, నిన్న మీ ఇంట్లో మనుషులున్నట్టున్నారు, చాలా సంతోషమేసింది, గార్డులకి నేనేం చెప్పనులే అంది. మనుషులెవరూ లేరని ఆవిడతో చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

రికార్డు కోసం వారమంతా ఎదురుచూశాను. లీడరుకి రెండుసార్లు గుర్తు చేశాను. ఫైలు పెద్దది, పైగా దుకాణం పనుల్లో ఉంది. శనివారం వచ్చింది. ఆరోజు తలంటుకున్నాను, నిజం చెబుతున్నా. టీ పెట్టుకుని, ఆఫీసువాళ్ళిచ్చిన మంచి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మాస్టారిని తలుచుకుని నొక్కాను.

ధమ్. ధమ్. ధమ్.

అంతే. మొదటి నుంచి చివరిదాకా నా సూట్‌కేసు. అందరి మైకులూ ఆపించింది నేనే కదా, రికార్డులోకి మాత్రం ఎక్కడి నుంచి వస్తాయి. ఈ ముక్క మా టీంలో నిన్న చేరిన కుర్రాడికి కూడా తెలుస్తుంది. వారమంతా నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు, అంత ఆశపడ్డాను. ముందు పగలబడి నవ్వాను. నవ్వు ఆగాక ఏడ్చాను. వాళ్ళు పదిమందీ ఎవరింట్లో వాళ్ళు నాతో కలిసి వాయించారు. ఒక్కొక్కళ్ళకీ నేను ఉన్నాను. నాకే ఎవరూ లేరు. అప్పుడు మైదానంలో కూడా ఇంతే అయ్యుండాలి.

టీ చల్లారిపోయింది. రాజమండ్రికి వీడియో కాల్ చేశాను. ఆదివారం కాని రోజున అంతకుముందెప్పుడూ చెయ్యలేదు. తాళాల పిల్ల మేడ మీద బట్టలు తీస్తోంది.

"ఏంటే, అలా ఉన్నావేంటి?" అంది.

జరిగింది చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. తీసిన బట్టలు గోడ మీద పెట్టేసింది.

"నాకు మీరెవరూ వినపళ్ళేదే," అన్నాను. "అప్పుడూ వినపళ్ళేదు, ఇప్పుడూ వినపళ్ళేదు."

"ఉండు," అని కిందకెళ్ళింది. చాలాసేపటికి ఆయాసపడుతూ మూతలతో తిరిగొచ్చి, ఫోను నీళ్ళ ట్యాంకుకి ఆనించి పెట్టింది. "మైకు ఆపను. నువ్వు కొట్టు. నాది లేటుగా వస్తాదే, నీకు తెల్సు."

"రానీ," అన్నాను.

కొట్టాను. కాసేపటికి ఛన్ అని వచ్చింది. నా దెబ్బ మీద కాదు, వెనకాల, రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చినట్టు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఆలస్యంగా వచ్చింది. మాస్టారు చెప్పినట్టయితే నేను పట్టించుకోకుండా కొట్టుకుపోవాలి. పట్టించుకున్నాను. దాని ఛన్ వచ్చేదాకా ఆగి అప్పుడు కొట్టాను. నేను ఆగితే అది కూడా నాకోసం ఆగింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య జాగా పెరిగిపోయింది. ఆ చప్పుడుకి ఎవరైనా కవాతు చేస్తే ఒంటికాలి మీద నిలబడిపోయేవారు. చివరికి నేను గరిటె ఎత్తి పట్టుకుని, అది మూతలు దూరంగా పట్టుకుని, ఇద్దరం అలా ఉండిపోయాం.

"కొట్టవేంటే," అంది. "నువ్వు ఆగిపోతే నేనెలా కొట్టను?"

"ఈసారి నువ్వు ముందు కొట్టవే. నేనేం కొట్టను. కూర్చుని వింటాను."

కింద నుంచి దాన్ని ఎవరో పిలుస్తున్నారు. పలకలేదు. మూతలు రెండూ పైకెత్తి బలంగా కొట్టింది. ఇత్తడి కాదు, నాసిరకం స్టీలు, చెవుల్లో గీసుకుపోయింది. అది మోగి మోగి ఆగేదాకా విన్నాను.

ఇంకోసారి కొట్టమన్నాను.