లింగకాయ నీడ

మెడలో లింగకాయ తీయనన్నందుకే మా తమ్ముడు శంకరప్ప చచ్చాడని బషీరాబాద్ సంతలో చెప్పుకుంటున్నారట. సంతలో నోళ్ళు మూయించడం నా వల్ల కాదు. కానీ వాడి సంగతి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు భూమ్మీద లేరు. అందుకని మొదటినుంచీ నేనే చెబుతాను.

మా అమ్మ వాణ్ణి కని నెల తిరగకుండానే పోయింది. అప్పుడు నేను రెండో తరగతి. పలక గూట్లో పెట్టి తమ్ముణ్ణి చంకకెత్తుకున్నాను. ఆ పలక మళ్ళీ కిందికి దిగలేదు. పంతులు ఇంటికొచ్చి, పిల్ల హుషారైంది, బడికి పంపమని మా నాయనను అడిగాడు.

"పంపుత సారూ. మరి గీ పిలగాన్ని నువ్వెత్తుకుంటవా?" అన్నాడు మా నాయన.

పంతులు మళ్ళీ రాలేదు. నా చదువు అంతే. నాకేం సిగ్గు లేదు. నేను చదవని చదువుకు బదులుగా వాడు మనిషయ్యాడు.

మేము లింగం కట్టుకునేవాళ్ళం. మగవాళ్ళకైనా, ఆడవాళ్ళకైనా పసితనంలోనే అయ్యగారు వచ్చి మెడలో లింగం కడతాడు. చిన్న వెండి డబ్బీలో ఉంటుంది లింగం. ఆ డబ్బీనే లింగకాయ అంటాం. ప్రాణం ఉన్నంతకాలం అది ఒంటిని వదలకూడదు. చాలామంది ఈ కాలంలో పండగకు కట్టుకుని, పండగైపోగానే దేవుడి గూట్లో పెడుతున్నారు. శంకరప్ప అట్లాంటివాడు కాదు. పొద్దున్నే లేచి స్నానం చేసి, లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని నీళ్ళు పోసి, విభూతి పెట్టి, పూజైతేనే చాయ్. వాడితోపాటు పనిచేసే మొగులప్ప రోజూ ఎగతాళి చేసేవాడు.

"నీ దేవుడు లేస్తెగాని నీకు చాయ్ లేదు. గాయనకే తాగియ్యరాదు?"

"తాగుతడు. నీ లెక్క కల్లు మాత్రం తాగడు" అనేవాడు శంకరప్ప.

వయసులో ఉన్నప్పుడు వాడు తాండూరు దగ్గర నాపరాయి గనిలో చేసేవాడు. పాత గని గుంటలో వాననీళ్ళు నిండితే పనివాళ్ళంతా అందులోనే స్నానం చేసేవారు. ఒకసారి ఈత కొడుతుంటే మెడలో దారం తెగి లింగకాయ నీళ్ళలో పడిపోయింది. మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. ఎంతకీ తేలకపోతే గట్టుమీదున్నవాళ్ళు చచ్చాడనుకుని, తాళ్ళు తెండిరా అని కేకలు పెట్టారట. అప్పుడు లేచాడు, లింగకాయను పళ్ళ మధ్య పట్టుకుని. ముక్కులోంచి రక్తం కారుతోంది. అయ్యగారు వచ్చి మళ్ళీ దారం కట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అట్లాంటి మనిషిని మెడలోది తీయమంటే తీస్తాడా?

గని మూతపడ్డాక తాండూరులో బండల పాలిష్ పనికి చేరాడు, ఊరి నుంచి రోజూ వచ్చిపోతూ. నా ఇల్లు తాండూరులోనే కాబట్టి సద్ది నా దగ్గరే కూర్చుని తినేవాడు. ఒంటినిండా తెల్లటి రాతిపొడి. తుమ్మినా అదే, దగ్గినా అదే. పనిలో మాత్రం వాడికి వంక పెట్టినవాడు లేడు. పాలిష్ అయిన బండ మీదికి వంగి మొహం చూసుకునేవాడు. మీసం వెంట్రుక వెంట్రుకగా కనబడాలి. ఎక్కడన్నా మబ్బులాగా మసక ఉంటే మళ్ళీ మిషిన్ కిందికి తోసేవాడు. యజమాని షేటు అరిచేవాడు, కొనేవాడు అంత చూడడు, పంపెయ్యమని.

"ఆయన జూడకున్న నేను జూసిన గద" అనేవాడు.

మా ఇంట్లో పరిచిన బండలు వాడు పాలిష్ చేసినవే. తుడిస్తే ఇప్పటికీ నా మొహం కనబడుతుంది. ఆ మొహం చూడబుద్ధి కాక తుడవడం మానేశాను.

అరవై దాటాక దగ్గు పట్టుకుంది. వాడి భార్య జంగమ్మ దవాఖానకు పదమంటే వాడు రేపనేవాడు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు. వికారాబాద్ పోవాలంటే రోజంతా పోతుందని సాకు. ఇంతలో ఊళ్ళోకే మిషిన్ వచ్చింది. ఛాతీ ఫొటోలు తీసే మిషిన్, చేతిలో పట్టుకునేంత డబ్బా. వెనక వీపుకు ఒక పలకలాంటిది ఆనిస్తారు, ముందునుంచి డబ్బా నొక్కుతారు. ఫొటో అక్కడికక్కడే తెరమీద పడుతుంది. ముందు మిషినే చూసి పచ్చ గుర్తో ఎర్ర గుర్తో వేస్తుంది. తరవాత పట్నంలో కూర్చున్న డాక్టరు కూడా చూస్తాడని చెప్పారట. దవాఖానకు పోలేనివాళ్ళ దగ్గరికి దవాఖానే రావడం మంచి సంగతే. నేనేం కాదనడం లేదు.

ఆ రోజు నేను అక్కడ లేను. జరిగింది నాకు జంగమ్మా చెప్పింది, మొగులప్పా చెప్పాడు, వాడూ చెప్పాడు. ముగ్గురి మాటా ఒకటే.

బడి వరండాలో పొడుగు వరుస. ఫొటోలు తీసే మనిషి పేరు పరమేశ్. పెళ్ళాం పిల్లలున్నవాడు, ఊరూరూ తిరిగి అలిసినవాడు. మా తమ్ముడి వంతు రాగానే పరమేశ్ వాడి మెడలోకి చూసి అన్నాడు:

"పెద్దాయనా, లాకెట్ తియ్యి."

"లాకెట్ గాదు కొడుకా, లింగం."

"ఏదైతేంది, తియ్యి."

"తియ్య."

"తియ్యకుంటె ఫొటోల మచ్చ పడ్తది."

"పడనియ్. గది నా దేవుని మచ్చ."

వెనకనుంచి మొగులప్ప అందుకున్నాడు. "దేవునికి గూడ ఒక ఫొటో తియ్యి సారూ! రోజు ఈయన ఎద మీద కూసోని గాయనకు గూడ దగ్గు పట్టింది!"

వరుసంతా నవ్వింది. పరమేశ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే నొక్కాడు. తెరమీద పచ్చ గుర్తు పడింది.

"ఏం లేదు పెద్దాయనా, సాఫ్ ఉన్నది. పో."

ఫొటోను జంగమ్మ ఫోన్‌లోకి పంపారు. మర్నాడు వాడు ఆ ఫోన్ పట్టుకుని తాండూరు వచ్చాడు. మా ఇంట్లో అడుగుపెడుతూనే నా మొహం ముందు పెట్టాడు. పక్కటెముకలు, నడుమ గుండె నీడ, ఎడమ రొమ్ము మీద పున్నమి చంద్రుడిలా తెల్లగా గుండ్రటి బిళ్ళ.

"జూడక్కా. నా లోపటంత సాఫే. ఎద మీద శివుడు ఎట్ల కూసున్నడో జూడు."

"కూసుండుడు మంచిగనే ఉంది. మరి దగ్గెందుకు పోతలేదురా?"

"దుమ్ము అక్కా. మిషినే సాఫ్ అన్నంక నువ్వేమన్న డాక్టర్‌వా?"

నేనేమనాలి? రెండో తరగతి నేను. పట్నం డాక్టరు చూసిన ఫొటోకు నేను వంక పెట్టాలా?

ఆ పచ్చ గుర్తు వాడికి తాయెత్తులా దొరికింది. జంగమ్మ దవాఖాన అన్నప్పుడల్లా ఫోన్ తీసి చూపించేవాడు. పట్నం నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు, మళ్ళీ తీయాలని ఎవరూ రాలేదు. వానలు పోయాయి, చలి పోయింది. ఎండలు ముదిరాక ఒకరోజు పాలిష్ చేసిన బండ మీద దగ్గితే రక్తం పడింది. మొగులప్ప వాణ్ణి ఆటోలో వేసుకుని నా దగ్గరికి తెచ్చాడు. ఆ రోజు మొగులప్ప నోట ఎగతాళి లేదు.

వికారాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాం. అక్కడా మొదటి మాట అదే, మెడలోది తీయండి. వాడు తల అడ్డంగా ఊపాడు. నిలబడే సత్తువ లేదు గానీ తల ఊపే సత్తువ ఉంది. ఎక్స్‌రే గదిలో మనిషి విసుక్కుంటున్నాడు. నేను అతన్ని కసిరి తమ్ముడి దగ్గరికి పోయాను.

మా ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. పసిపిల్లలకు పాలిచ్చేటప్పుడు లింగకాయ పిల్ల మొహానికి తగులుతుందని దాన్ని పైకి జరిపి దండచేతికి కట్టుకుంటాం. ఒంటిని వదలదు, దోషం లేదు. మగవాళ్ళకు పాలిచ్చే పని లేదు కాబట్టి వాళ్ళకు ఈ సంగతి పట్టదు. ఆ రోజు బడి దగ్గర జంగమ్మకూ తట్టలేదు. వాడి లింగకాయను చర్మం మీదనుంచి ఎత్తకుండా భుజం దాకా జరిపి, దారం చేతికి చుట్టి ముడివేశాను.

వాడు తన చెయ్యి చూసుకున్నాడు. తరవాత నన్ను చూశాడు.

"గింతేనా అక్కా?"

ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. నేను చచ్చేదాకా ఉంటుంది.

డాక్టరు కొత్త ఫొటో చూసి, ఇంకో పెద్ద మిషిన్‌లో కూడా పడుకోబెట్టి చూశాడు. ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ. చింతపండు ముద్దంత. జంగమ్మ ఫోన్ తీసి పాత ఫొటో చూపించింది, అందులో ఏం లేదన్నారు కదా సారూ అని. ఆయన తెరను పెద్దది చేసి చూసి, మళ్ళీ చిన్నది చేశాడు.

"ఇది లాకెట్ ఫొటో అమ్మా, ఊపిరితిత్తుల ఫొటో కాదు. గడ్డ సరిగ్గా దీని వెనకే ఉంది."

"అప్పుడే దొరికితే బతుకుతుండెనా?" అని అడిగాను.

"కోసి తీసేసేవాళ్ళమేమో. చెప్పలేను."

ఆ 'ఏమో'ను ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

జొన్నలు కోతకొచ్చే నాటికి వాడు లేడు. మా పద్ధతి ప్రకారం కూర్చోబెట్టి మట్టి చేశాం. లింగాన్ని ఎడమ అరచేతిలో నేనే పెట్టాను. వాడి వేళ్ళు ముడుచుకోకపోతే నేనే ముడిచాను.

మాసికం పెట్టడానికి ఊరికి పోయి జంగమ్మ దగ్గర నాలుగు రోజులు ఉన్నాను. అప్పుడు మళ్ళీ వచ్చింది మిషిన్. అదే బడి, అదే వరండా. "మెడలోయి తియ్యున్రి, తియ్యున్రి" అని కేక వినబడింది.

"వదినా, గాయనే" అంది జంగమ్మ.

వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక అడిగాను.

"నువ్వేనా పరమేశ్? పోయినసారి గీడ శంకరప్ప అని ఒక ముసలాయనకు ఫొటో తీసినవ్. లింగకాయ తియ్యనన్నోడు. యాదికున్నదా?"

అతని మొహం వెలిగింది. "ఆఁ, గా పెద్దాయననా! దేవునికి గూడ దగ్గు అన్నరు, మస్తు నవ్వినం. ఎట్లున్నడమ్మా?"

"సచ్చిండు. గడ్డ అయ్యి. లింగకాయ ఎనుకనే ఉండె."

నవ్వు ఎక్కడికి పోవాలో తెలియక అతని మొహంమీదే కాసేపు ఉండిపోయింది.

"నేను తియ్యమన్ననమ్మా. అందరి ముందల చెప్పిన. ఆయనే తియ్యలే."

"తియ్యమన్నవ్. జరుపమన్నవా?"

"జరుపొచ్చని నాకేం ఎరుక? మీ దేవుడు, మీ పద్ధతి."

"ఎరుక లేకుంటె అడగాలె. వరుసల లింగం కట్టుకున్న ఆడోళ్ళు గూడ ఉండిరి. ఒక్కదాన్ని అడిగినవా?"

"మచ్చ పడ్తదని చెప్పిన గద."

"మచ్చ పడ్తదన్నవ్. మచ్చ ఎనుక ఏమున్నదో కనబడదని చెప్పినవా? సాఫ్ ఉన్నదంటివి. కనబడనిదాన్ని సాఫ్ అని ఎట్లన్నవ్?"

"మిషిన్ పచ్చ సూపిచ్చింది. పట్నంల సార్లు గూడ ఏమనలే. ఎనుక గంతమంది నిలబడ్డరు, నేనేం జెయ్యాలె?"

"మా తమ్ముడు బండ మీద మసక కనబడితె మళ్ళ రుద్దుతుండె. రాయికి గట్ల చేసిండు. నువ్వు మనిషికి ఇంకొకసారి నొక్కలేకపోయినవ్."

నేను నా లింగకాయను జరిపి చేతికి కట్టుకుని పలకకు ఆనుకున్నాను.

"ఇప్పుడు తియ్యి."

తీశాడు. తెరను నా వైపు తిప్పాడు. ఆ చేతిడబ్బాను నాలుగు తిట్లు తిట్టాలని వచ్చాను. చవకది, చూపు లేనిది, పేదోళ్ళకు ఇట్లాంటివే పంపుతారని. తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఎముకలూ, వాటి సందులూ, సందుల్లో వేరులాంటి సన్న గీతలూ కూడా కనబడుతున్నాయి. వాడి ఫొటోలో బిళ్ళ ఉన్నచోట నా ఫొటోలో ప్రతి గీతా విడివిడిగా ఉంది. మంచి మిషిన్.

"పచ్చ వచ్చిందమ్మా. మీకేం లేదు" అన్నాడు మెల్లగా.

నా వెనక ఆ ఊరి బాలప్ప భార్య నిలబడి ఉంది. ఆమె మెడలోనూ లింగకాయ ఉంది. పరమేశ్ "లాకెట్..." అని నోరు తెరిచి నా వైపు చూసి ఆగాడు.

"చెప్పు" అన్నాను.

"చేతికి కట్టుకో అమ్మా."

ఆమె కట్టుకుంది. మా తమ్ముడు ఒక దగ్గు దగ్గి తేరుకునేంత సేపు కూడా పట్టలేదు.